వదిన ఏరి కొన్న కూలర్

మా వదిన పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను మంగళవాడలో మా అత్తగారింట్లో చెనక్కాయలు ఒలుస్తా కూర్చోనున్నాను. "మీ వదిన లేదు పాపా" అన్నాడు, అంతే. తలనొప్పి, తలనొప్పి అంటా వారాల తరబడి అంగడి మాత్రలు మింగిన మనిషి. ఆ పొద్దున బిందె ఎత్తబోయి పడిపోయిందంట. తుమకూరుకు తీసుకుపోతా ఉంటే దారిలోనే ప్రాణం పోయింది. మెదడులో నరం తెగిందన్నారు. నలభై కూడా నిండలేదు ఆమెకు.

మన పావగడ పక్క మీ ఇంట్లో ఎవరిదన్నా పెళ్ళి వీడియో ఉంటే, అది మా వదిన చేతిదే అయుండొచ్చు. వీడియో అయిపోయినాక కడాన ఒక స్టూడియో పేరు కనపడతుంది. ఆమె పేరు కనపడదు.

రాయచెర్లులో మా చేను సోలార్ పార్కుకు లీజుకిచ్చినాక, మేపే తావు లేక మా అన్న గొర్రెలు అమ్మేసినాడు. అప్పటినుంచి రచ్చకట్టమీద కూర్చోవడమే ఆయన పని. వదిన పెళ్ళికి ముందే కంప్యూటర్ డిప్లొమా చేసింది. పుట్టింటివాళ్ళ దగ్గర పాత కంప్యూటర్ తెచ్చుకుని, రేకుల గదిలో పెట్టి, పావగడ స్టూడియో ఆయన పంపే పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేయడం మొదలుపెట్టింది. నాకు మౌస్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆమే. నేను తప్పు నొక్కి భయపడితే, "అది కరవదు పాపా, ఇంగోసారి నొక్కు" అనేది.

ఎండాకాలం వచ్చిందంటే ఆ గదిలో కంప్యూటర్ నిలబడేది కాదు. వీడియో మొత్తం కూర్చి, చివర్లో ఫైలు తయారవుతా ఉంటే ప్రాసెసర్ కాగిపోయి ఠక్కున ఆగిపోయేది. మళ్ళీ మొదటినుంచి. పెద్ద ఫ్యాన్ కూలర్ పెడదామంటే కంప్యూటర్ డబ్బా సన్నది, మూత పడదు. అందుకని లిక్విడ్ కూలర్ మీద మనసు పెట్టింది.

"లోపల నీళ్ళు పెడితే కాలిపోదా అది?" అన్నాడు అన్న.

"మోటర్ బండికి రేడియేటర్ లేదా? ఇదీ అంతే. చిప్పు కాడ వేడి ఎత్తుకొని పోయి బయట పారబోస్తాది. గది కంటే చల్లగా మాత్రం చేయలేదు" అనింది వదిన. ఫోన్లో వీడియోలు చూసి చూసి నేర్చుకుంది ఇదంతా. మూడు ఫ్యాన్లది మంచిదని అందరూ చెప్పినారంట. ఆమె నమ్మలేదు. అట్టముక్కలు ఆ కూలర్ల కొలతకు కత్తిరించి డబ్బాలో పెట్టి చూసింది. మూడు ఫ్యాన్లది దూరలేదు. రెండు ఫ్యాన్లది పైన పెడితే లోపలి ర్యామ్ ముక్కలకు తగిలింది, ముందర పెడితే సరిపోయింది. "కొల్చి చూసుకున్నాంకే ఆశపడాల పాపా" అని నవ్వింది.

హిందూపురం అంగడికి నన్ను తోడు తీసుకుపోయింది. అంగడాయన రంగురంగుల లైట్లు వెలిగేది చూపించినాడు.

"లైట్లు వద్దన్నా. మా ప్రాసెసర్‌కు దీన్ని బిగించే క్లిప్పు సరిపోతాదా? నీళ్ళు తిప్పే పంపుకు గ్యారంటీ ఎన్నేండ్లు? నీళ్ళు కారి బోర్డు పోతే డబ్బులు ఎవరు ఇస్తారు?" అనింది వదిన.

ఆయన విసుక్కున్నాడు. "మీ ఇంటాయనను పిల్చుకొని రాండమ్మా, మాట్లాడతా."

"నా డబ్బాలో ఏం పడతాదో ఆయనకెట్ల తెలుస్తాదన్నా?" అనింది. జవాబులన్నీ చెప్పించుకునే దాకా కౌంటర్ దగ్గరనుంచి కదల్లేదు. లైట్లు లేని నల్లది ఒకటి కొనింది.

దాన్ని తనే బిగించుకుంది. ఆ ఎండాకాలం కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ ధైర్యంతోనేమో, ఒక పెళ్ళి వీడియోకు కడాన స్టూడియో పేరు కింద చిన్న అక్షరాల్లో తన పేరు వేసుకుంది.

స్టూడియో ఆయనకు కోపం వచ్చింది. వదినతో మాట్లాడలేదు, మా అన్నతో మాట్లాడినాడు. స్టూడియోలో ఏసీ ఉండాది, డబ్బా ఆడ పెడదాం, మావాళ్ళే చేస్తారు అన్నాడు. వదిన నీళ్ళకు పోయినప్పుడు ఇద్దరూ కలిసి కంప్యూటర్‌ను ఆటోలోకి ఎక్కించినారు. నేనప్పుడు పుట్టింట్లోనే ఉన్నాను. వద్దన్నా వినలేదు. "ఆడదాని పేరు ఊరూరా టీవీల్లో యాలప్పా?" అన్నాడు అన్న, ఆటో ఆయనతో.

వదిన బిందెతో వచ్చింది. ఖాళీ బల్ల చూసింది. "కూలర్ నీళ్ళ ట్యూబులు మడత పడకుండా నిలబెట్టి తీసుకపోయినారా?" అని అడిగింది నన్ను.

ఆ తర్వాత సోలార్ ప్యానెళ్ళ కింద గడ్డి కోసే కూలికి పోయింది. ఎట్లుండావు వదినా అని ఫోన్ చేస్తే, "మన చేన్లోనే కూలికి పోతాండా పాపా, ఇంగేం కావాల" అనేది. ఆ మాట నవ్వుతానే అనేది.

వదిన పోయిన పదకొండో దినానికి స్టూడియో ఆయన పెద్ద టీవీ తెచ్చి మా వాకిట్లో పెట్టినాడు. ఆమె మీద వీడియో చేసినాడంట, డబ్బు తీసుకోకుండా ఊరికే, అభిమానంతో. ఏ కంప్యూటర్ మీద చేసినాడో నేను అడగలేదు. అందరి పెళ్ళిళ్ళు చూపించిన మనిషికి, తనవి అని నాలుగు ఫోటోలు కూడా దొరకలేదు. కూలికి పోయేప్పుడు సోలార్ పార్కు గేటు పాసు కోసం తీసిన ఫోటో ఒకటి దొరికితే దాన్నే పెద్దది చేసినారు. సన్నాయి పాటతో మెల్లగా అది దగ్గరికి వచ్చింది. తర్వాత బంగారు రంగులో స్టూడియో పేరు.

మా అన్న లేచి ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టినాడు.

"ఆమె పేరు యాడ వేసినావప్పా?" అన్నాను నేను.

"ఫోటో ఉండాది కదమ్మా. తెలిసిన మనిషికి పేరెందుకు?" అన్నాడు.

జనం విస్తళ్ళ ముందర కూర్చున్నారు. టీవీని ఎవరూ ఆపలేదు. వీడియో మళ్ళీ మొదలైంది. ఎండకు కళ్ళు చికిలించిన వదిన మొహం మళ్ళీ మెల్లగా దగ్గరికి వస్తా ఉంది.