వేలిముద్ర పడని పాఠం

నాగసుధ మాట పడే మనిషి కాదు. సుమ్మాదేవి నుంచి రోజూ రైల్లో పలాస వచ్చి, జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకు పప్పును రకాలుగా ఏరే గ్రేడింగ్ పని మీద ఆన్‌లైన్ కోర్సు చెప్పించడం ఆమె ఉద్యోగం. చెప్పించడమంటే ట్యాబ్‌లో వీడియో నొక్కి పక్కన కూర్చోవడమేనని పై ఆఫీసు ఉద్దేశం. గంటసేపు వీడియో, చివర హాజరుకు వేలిముద్ర.

మొదటి వారంలోనే అందరూ కునికిపాట్లు పడ్డారు. నాగసుధకు ఒళ్లు మండింది. పదో తరగతిలో తనకు పుస్తకంలోని లెక్కలు బుర్రకెక్కలేదు. అమ్మ జీడిగింజలు కుప్పలు పోసి చెబితే ఒక్క పూటలో వచ్చాయి. అందుకే వీడియోను ముక్కలు చేసింది. చూస్తేగాని పట్టుబడని రమణికి బొమ్మలు పంపింది. వింటే చాలనే రూపకు తమ యాసలోనే వాయిస్ మెసేజ్‌లు పెట్టింది. ముట్టుకోనిదే ఏదీ నమ్మని పెద్దతల్లి ముందు పళ్లెం నిండా పప్పు పోసింది.

పెద్దతల్లి ముప్పయ్యేళ్లుగా గింజలు కొడుతోంది. ఈ కోర్సు పాసైతే గ్రేడింగ్ బల్లకు మేస్త్రీ అవుతుంది. కానీ గింజల పెంకులోంచి కారే జీడిరసం ఆమె వేళ్ల గీతల్ని ఎప్పుడో తినేసింది. ముద్ర పడదు. యాప్ లెక్కలో ఆమె ఒక్కరోజూ రాలేదు.

పరీక్ష రోజున పై ఆఫీసు నుంచి అధికారి రవిశంకర్ వచ్చాడు.

"వీడియో ఎవరు కొయ్యమన్నారు? హాజరు లేనివాళ్లకు పరీక్ష లేదు."

"మనిషి ఎదురుగా కూకునుంటే హాజరు లేదంటారేటి సార్? మీ ప్రశ్నలు మీరే అడగండి."

"ఎదురు మాట్లాడితే రేపట్నుంచి రానక్కర్లేదు."

"రాను. ముందు ఆవిడని అడగండి," అంది నాగసుధ.

అతను విసుగ్గా పై ఆఫీసు పంపిన శాంపిల్ ప్యాకెట్ చింపి, ఓ పప్పు పెద్దతల్లి చేతిలో పెట్టాడు. ప్యాకెట్ మీద 'మొదటి రకం గుండు' అని, అంటే బద్దలు విడని పూర్తి పప్పని, రాసి ఉంది. పెద్దతల్లి దాన్ని గీతల్లేని వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, గోటితో నొక్కింది. పప్పు రెండుగా విడిపోయింది.

"గుండంటారేటి బాబూ? బద్దలు ఊడకండా అంటుకునున్నాయి గానీ లోపల బీటుంది. డబ్బాలో పోత్తే అడుక్కెళ్లేసరికి ఇడిపోద్ది."

రవిశంకర్ ఇంకో నాలుగు తీశాడు. నాలుగూ సరిగ్గా చెప్పింది. పాసని రాశాడు. ఆపైన నాగసుధ వైపు చెయ్యి చాచి ట్యాబ్ అడిగాడు.

"తీసుకోండి," అంది. కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు. "ఉద్యోగం మీది. పాఠం మాత్రం నాదే."

వారం తర్వాత సుమ్మాదేవిలో, ఇంటి కళ్లంలో గింజలు ఎండబోస్తుంటే ఫోన్ మోగింది. పెద్దతల్లి గొంతు.

"సుదమ్మా, నా బల్ల కాడ కొత్తోళ్లు పదకొండు మంది ఉన్నారు. నువ్వొత్తావా, మమ్మల్నే రమ్మంటావా?"

"నానే వత్తన్నాను అత్తా. పళ్లేలు కడిగి ఉంచు," అని నాగసుధ చెప్పులు వేసుకుంది.