సున్నాకు అటూ ఇటూ కామా

2004లో నేను మందమర్రిలో ఒక గని కాలనీ ఫోన్లు చూసే లైన్‌మన్‌ని. చదివింది ఐదో తరగతి. ఇలా కథగా రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి. స్తంభం ఎక్కడం, వైరు అతకడం, లైను వినడం నా పని. రిసీవర్ ఎత్తగానే గుయ్యిమని వినిపించేదాన్ని డయల్ టోన్ అంటారు. అది విని లైను సంగతి చెప్పేవాణ్ని.

ఒక శుక్రవారం రెండున్నరకు మహబూబ్ బీ అనే పెద్దావిడ ఆఫీసుకు వచ్చి నన్ను వెంట తీసుకుపోయింది. ఆమె కోడలు రెహానాకు పుట్టుకతోనే చెవుడు, మాట రాదు. చదువు మాత్రం బాగా వచ్చు. భర్త మస్కట్‌లో పని చేస్తాడు. ప్రతి శుక్రవారం మూడు గంటలకు అతను అక్కడ నెట్ సెంటర్లో, ఈమె ఇక్కడ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని రాసుకుంటారు. బయటి ఇంటి నుంచి మా కాలనీలో కొత్త క్వార్టర్‌కు మారాక రెండు శుక్రవారాలు నెట్ కలవలేదు.

"నిన్న మా పోరడు మస్కట్‌కెళ్లి ఫోన్ చేసిండు," అంది మహబూబ్ బీ దారిలో. "కోడలు మంచిగనే ఉన్నదిరా అంటె నమ్ముతలేడు. ఇయ్యాల ఆమె రాయకపోతే పని ఇడిసిపెట్టి వస్తడట."

ఆ కంప్యూటర్లో ఉన్నది లినక్స్. కంప్యూటర్‌ను నడిపించేది అదేనట, ఊరికే దొరుకుతుందట. పక్కన మోడెమ్, అంటే కంప్యూటర్ మాటను ఫోన్ లైన్లో పంపే డబ్బా. రెహానా నెట్ కంపెనీ నంబర్ కలిపింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వరుసగా దిగి ఆగిపోయాయి. ఆమె కాగితం మీద తెలుగులో రాసి చూపించింది: "అవతలి మోడెమ్ కలవడం లేదు."

నేను లైన్లు పరీక్షించే నా ఫోన్ తగిలించి విన్నాను. "లైన్ మంచిగనే ఉన్నదమ్మా."

"మంచిగుంటే గా డబ్బా ఎందుకు తిడుతది?"

"డబ్బా తిట్టుడేందమ్మా?"

"నువ్వే ఇను. కంప్యూటర్ గట్లనే మాట్లాడుతదేమో అనుకున్న."

రెహానా మళ్లీ కలిపింది. మోడెమ్‌లో చిన్న స్పీకర్ ఉంటుంది. నంబర్లు కొట్టిన చప్పుడు, రింగు, తర్వాత ఒక ముసలాయన గొంతు: "మల్ల నువ్వేనారా? పదిహేను దినాలసంది సతాయిస్తున్నవ్. మాట్లాడవేంది, నోరు లేదా?"

నాకు నవ్వొచ్చింది. రెహానా ఏమైందన్నట్టు మా ఇద్దరి ముఖాలూ చూసింది. నా నవ్వు ఆగిపోయింది.

సంగతి నాకు అర్థమైంది. కాలనీ నుంచి బయటికి ఫోన్ చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. మా ఎక్స్చేంజ్ పాతది, ఎత్తిన కాసేపటికి గాని టోన్ ఇవ్వదు, సున్నా కొట్టాక బయటి లైను టోన్‌కూ కాసేపు పడుతుంది. మోడెమ్ ఆగకుండా కొడుతోంది. సున్నా గాలికి పోతోంది, మిగిలిన అంకెలు కాలనీలోనే ఒక క్వార్టర్ నంబర్ అవుతున్నాయి. పాపం ఆ పెద్దాయన ఎత్తుతున్నాడు.

కానీ చప్పుడు ఎరగని మనిషికి టోన్ గురించి ఎలా చెప్పాలి? అత్తాకోడళ్ల సైగల్లో అన్నం ఉంది, జ్వరం ఉంది, టోన్ లేదు. చివరికి కాగితం తీసుకున్నాను. బడి మానేశాక సంతకం తప్ప ఏమీ రాయలేదు. "సున్నా ముందు ఆగాలె. సున్నా ఎనక ఆగాలె," అని రాశాను.

ఆమె చదివి అరచేయి ఎత్తి ఆగాలా అన్నట్టు చూసింది. తలూపాను. తెర మీద నంబర్ ఉన్న చోట సున్నాకు ముందొకటి, వెనకొకటి చిన్న తోక గుర్తులు పెట్టి, "కామా. ఇక్కడ మోడెమ్ ఆగుతుంది," అని రాసింది. కామా దగ్గర ఊపిరి తీసుకోమని బడిలో మా సారు చెప్పేవాడు. యంత్రం కూడా ఆ మాట వింటుందని నాకు తెలియదు.

కలిపింది. డబ్బా ఊరుకుంది. సున్నా కొట్టింది. మళ్లీ ఊరుకుంది. తర్వాత అంకెలన్నీ కొట్టి, కీచుమని అరిచింది. ఈసారి ముసలాయన గొంతు రాలేదు. చప్పుడు ఎలా ఉందోనని ఆమె నా ముఖం చూస్తోంది, అక్షరాలు ఏమంటున్నాయోనని నేను ఆమె ముఖం చూస్తున్నాను. వైరు మీద ఇన్నేళ్లు పని చేశాను, దాంట్లోంచి మాట పోవడం ఆ రోజే చూసినట్టనిపించింది.

మూడు దాటాక తెర మీద మస్కట్ నుంచి ఒక వరుస వచ్చింది. రెహానా గబగబా రాసింది.

"ఏం రాసిండు?" అని అత్త వంగి చూడబోతే కోడలు దుపట్టా అంచు తెరకు అడ్డం పెట్టింది.

"సూసినవా బేటా, అత్తకు సూడనియ్యది," అని నవ్వింది మహబూబ్ బీ. నేను గోడ వైపు తిరిగాను. కాసేపటికి రెహానా కాగితం చూపించింది: "రావడం లేదు. పనిలోనే ఉంటాడు."

పోయేటప్పుడు ఆ అంకెలను బట్టి ముసలాయన క్వార్టర్ కనుక్కుని వెళ్లి జరిగింది చెప్పాను.

"నోరు లేదా అంటి గద బిడ్డా," అన్నాడు. "ఆమెకు చెప్పకు."

చెప్పలేదు. అప్పటి నుంచి ఫోన్ ఎత్తితే అవతల మాట రాకపోయినా ఎవరూ లేరని పెట్టేయను. కాసేపు ఆగుతాను.