ఆయన కూర్చున్న చోటు

2022 వర్షాకాలం. విశాఖపట్నం బీచ్ రోడ్డులో, మేడ మీద ఉన్న ఒక బార్‌లో నేను స్టీవార్డ్‌ని. అంటే ఆర్డర్ తీసుకుని, గ్లాసులు నింపి, బల్లలు చూసుకునేవాణ్ని. మాది కొత్తవలస.

ఒక సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, నేతచీర కట్టుకున్న యాభై ఐదేళ్లావిడ చేతిలో బట్టల మూటతో గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఆడోళ్లు రావొచ్చా బాబూ?"

"రండమ్మా, కూకోండి."

నా యాస విని ఆవిడ ముఖం తేటపడింది. చీపురుపల్లిలో బట్టల కొట్టట. సరుకు కోసం నెలకోసారి పట్నం వచ్చే భర్త, రైలు వేళయ్యేదాకా ఇక్కడ కూర్చునేవాడట. కిటికీలోంచి ఓడలు కనబడతాయని ఇంటికెళ్లి చెప్పేవాడట.

"నన్నూ తీసుకెల్లండని ఎన్నిసార్లడిగినానో. సూద్దాం, సూద్దాం అనీవోరు. కిందటేడు పోయినారు. ఇప్పుడు కొట్టు నేనే సూసుకుంతన్నాను."

ఫోన్‌లో ఆయన ఫొటో చూపించింది. బట్టతల, నవ్వుముఖం.

"ఎక్కడ కూకునీవోరు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఏదో ఒక కుర్చీ చూపిస్తే ఆవిడ సంతోషించేది. కానీ ఆ కళ్లు చూశాక నోరు రాలేదు.

"గేపకం లేదమ్మా. గొడవ సేసినోళ్లు, తూలి పడినోళ్లే మాకు గుర్తుంటారు."

ఆవిడ ఫోన్‌లో ఆ ఫొటో వంక మళ్లీ చూసుకుంది. తర్వాత, "అయితే బుద్ధిగానే ఉన్నారన్నమాట," అంది.

కిటికీ పక్క కుర్చీ తనే ఎంచుకుంది. ఆయన తాగే బీరే అడిగింది. చిన్న గ్లాసులో పోసిచ్చాను. ఒక్క గుక్కకే ముఖం ముడుచుకుని, "ఇదేటి, ఇంత సేదు! దీనికేనా నన్నొగ్గేసి వచ్చీవోరు?" అని నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్లకద్దుకుంది.

దూరంగా ఓడల దీపాలు వెలిగేదాకా అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఓడల మాట నిజమే. ఒక్కసారి పక్కన కూకోబెట్టి సూపించుంటే సరిపోయీది."

మూట తీసుకుని రైలుకు వెళ్లిపోయింది. గ్లాసులో బీరు అలాగే ఉంది.

వచ్చినవాళ్లకు ఏం కావాలో చూడడమే నా పని అనుకునేవాణ్ని. ఇంట్లో కూర్చుని ఈ చోటు ఎలా ఉంటుందో ఊహించుకునే మనిషి ఒకరుంటారని అంతదాకా తట్టలేదు. నా భార్య కూడా ఎన్నోసార్లు అడిగింది. బార్‌కి ఆడవాళ్లెందుకని కొట్టిపారేశాను.

ఆ వారం సెలవు రోజున తనను తీసుకొచ్చాను. బల్ల దగ్గర కూర్చోబెట్టి, నిమ్మ సోడా నేనే తెచ్చిపెట్టాను. తను గ్లాసు ముట్టుకోలేదు. గోడవార నిలబడ్డ నా తోటి స్టీవార్డ్‌లను చూసి, "పొద్దస్తమానూ ఇలా నిలబడే ఉంతావేటి?" అంది.

పెళ్లయిన పదకొండేళ్లలో ఆ సంగతి నేను తనకు చెప్పనేలేదు.