హన్మవ్వ ఇంటి దసరా బంతి

భీమేష్‌తో వాదించి గెలిచిన మనిషి మా గల్లీలో ఒక్కతే ఉంది. ఆమె హన్మవ్వ. ఆ రోజు నేను అక్కడే నిలబడి ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఎవరో చెప్పింది కాదు.

దసరాకు మా కామారెడ్డిలో నాలుగిళ్ళవాళ్ళు, పదిళ్ళవాళ్ళు కలిసి ఒక మేకపోతును కోయించి పోగులు పంచుకుంటారు. పది ఇళ్ళైతే పది పోగులు. కోసేది, తునకలు కొట్టేది, మోదుగాకుల మీద కుప్పలు పెట్టేది భీమేషే, అందులో ఒక పోగు వాడిది కూడా. ఆ యేడు తొమ్మిది పోగులు చూడముచ్చటగా ఉన్నాయి. పదోది మాత్రం మెడ బొక్కలు, కాళ్ళ బొక్కలతో ఎముకల గుట్టలాగా ఉంది. దాన్ని హన్మవ్వ వైపు జరిపాడు.

"ఒక్కదానివి, నీకెందుకక్కా మెత్తటి కూర? బొక్కలు చప్పరించుకుంట కూసుంటే పొద్దుపోతది" అన్నాడు.

నాలాగే బీడీలు చేసే హన్మవ్వ మనిషి కూడా బీడీ అంత సన్నం. కొంగు నడుముకు చుట్టింది.

"పోగులు పెట్టినోడు ఆఖరికి తీసుకోవాలె. మీ నాయన ఉన్నప్పుడు గదే రివాజు. మర్చిపోయినవా, లేకుంటే ఆయనతోని గది గూడ కాటికి పోయిందా?"

అందరూ నవ్వారు. తొమ్మిది మందీ తొమ్మిది పోగులు ఎత్తుకున్నారు. బొక్కల గుట్ట ముందు భీమేష్ మిగిలాడు.

"ఇగ గవన్ని నువ్వేం జేసుకుంటవ్? ఇంటికి తీస్కపోతే నీ పెండ్లాం నిన్నే వండుతది. సగం గిటు పొయ్యి" అని గిన్నె చాపింది. వాడు సగం పోశాడు.

అంత నోరున్న మనిషి తమ్ముడి ముందు మాత్రం మూగది.

తమ్ముడి పేరు బీరయ్య. ఎల్లారెడ్డిలో రెండెకరాలు చేసుకుంటాడు. నాలుగేళ్ళ కింద హన్మవ్వ బిడ్డ వినీత పెళ్ళిలో మేనమామ తరఫు వాళ్ళు బంతిలో కూర్చునేసరికి వంట గంజులో మాంసం అయిపోయింది. వడ్డించేవాడు తునక లేని ఉత్త శేర్వా పోశాడు. బీరయ్య ఇస్తరి ముందు నుంచి లేచాడు. "మేనమామ ఇస్తరిల ఒక్క తునక పడలేదా అక్కా" అని, వచ్చిన చుట్టాలందరినీ వెంటపెట్టుకుని బస్సెక్కాడు. అప్పటి నుంచి మాటల్లేవు. కూరకు అలిగే మగవాడు వస్తే ఎంత, పోతే ఎంత అని నేను ఒకసారి అన్నాను. హన్మవ్వ రెండు రోజులు నా గడప తొక్కలేదు. మొగుడు పోయి పదేళ్ళైన ఆడమనిషికి పుట్టిల్లంటే ఆ ఒక్క తమ్ముడే. ఆ సంగతి నాకు తెలియక కాదు, నా నోరు అట్లాంటిది.

మొన్నటి దసరాకు రమ్మని రెండు నెలల ముందే ఆమే తగ్గి ఫోన్ చేసింది. బీరయ్య భార్య సాలవ్వ ఎత్తి ఆయనకిచ్చింది. "వస్త" అన్నాడట. ఆ ఒక్క మాట మోసుకుని నా ఇంటికి ఉరికొచ్చింది.

"రాములవ్వా, వాళ్ళు ఏడుగురు. వినీతోళ్ళు నలుగురు. నువ్వు, నేను. ఒక్క పోగుతోని ఎట్ల ఎల్లదీయాలె?"

"రెండు పోగులు తీసుకో."

"కంపెనీ వారంల మూడు రోజులే ఆకు ఇయ్యవట్టె. ఏడికెల్లి తేవాలె? అయినా ఈసారి ఎవ్వరి ఇస్తరిల ఉత్త శేర్వ పడొద్దు. పడ్డదంటే నేను సచ్చినదాన్నే."

ఇక మొదలుపెట్టింది. కంట్రోలు దుకాణంలో ఇచ్చిన సన్నబియ్యం బగార అన్నానికని రెండు నెలలు ముట్టకుండా దాచి, తను జొన్నగటక తాగింది. రేకుల మీద పాకిన తీగకు కాసిన సొరకాయను ఎవరు అడిగినా ఇయ్యలేదు, నాక్కూడా. ఒక్క పోగును రెండు గంజులు చేసింది. మెత్తటి తునకలు కూరకు. బొక్కలు, శనగపప్పు, సొరకాయ కలిపి దాల్చాకు. దాల్చా ఉంటే కూర నెమ్మదిగా కదులుతుంది, అది ఆమె యుక్తి.

ఆ దసరా గాంధీ జయంతి నాడు పడింది. మాంసం దుకాణాలు మూత. అందుకని మా గల్లీవాళ్ళు ముందురోజే కోయించారు. మా ఫ్రిజ్‌లో మల్లెపూల డబ్బా పక్కన పెట్టమన్నాను.

"మీ ఫ్రిజ్‌ల ఏది పెట్టినా తెల్లారేసరికి మల్లెపూల వాసనొస్తది" అంది. పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళ బేసిన్‌లో గంజు దించి, పొద్దున లేచి మళ్ళీ మరిగించింది. తలకు ఐదు తునకలు లెక్కపెట్టింది. తమ్ముడికి ఎనిమిది, మూలుగ ఉన్న నల్లి బొక్కతో సహా, వేరే గిన్నెలో తీసిపెట్టింది.

మధ్యాహ్నానికి వచ్చారు. బీరయ్య సగమైపోయాడు. తల ముగ్గుబుట్ట. కాళ్ళు కడుక్కుని వచ్చి బంతిలో మొదట కూర్చున్నాడు. బగార అన్నం పెట్టింది. గిన్నె వంచి మొదటి గంటె ముంచేలోగా ఆయన ఇస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకొద్దక్కా."

హన్మవ్వ చేతిలో గంటె అట్లాగే ఆగింది. తినబోయిన వాళ్ళంతా చేతులు ఆపారు.

సాలవ్వే అందుకుంది. "వదినె, తప్పు వట్టకు. ఇయ్యాల బేస్తారం గదా. నిరుడు గుండెల స్టెంటు వేసిన కాన్నుంచి మొక్కుకున్నడు, బేస్తారం నాడు నీసు ముట్టడు."

గురువారాన్ని మేం బేస్తారం అంటాం. గాంధీ తాతను యాదిపెట్టుకుని ముందురోజే మాంసం తెచ్చిన మనిషి, ఏ వారమో చూసుకోలేదు. చూసినా ఏం లాభం? మాటలు లేనప్పుడు తమ్ముడి మొక్కు అక్కకు ఎవరు చెప్పాలి?

"గుండెలనా?" అంది హన్మవ్వ. "నాకెవ్వరు చెప్పలే."

"చెప్పద్దన్నడు" అంది సాలవ్వ తల వంచుకుని.

దాల్చాలోనూ బొక్కలే. బీరయ్య ఇస్తరిలో ఉత్త బగార తప్ప ఇంకేమీ లేదు. నేను ఉండబట్టలేక అన్నాను, "ఏమయ్యా బీరయ్యా, ఆనాడు తునక పడలేదని లేచినవ్. ఇయ్యాల తునక పడుతదని లేస్తవా?"

"లేవనవ్వా" అన్నాడు. "అక్క ఏం పెడితే గదే తింట. ఏం పెట్టకున్నా గీడనే కూసుంట."

హన్మవ్వ లోపలికి పోయింది. చింతపండు పిసికింది, పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి నలిపింది, ఉల్లిగడ్డ కోసింది. కళ్ళు తుడుచుకుంటూ ఉల్లిగడ్డ ఘాటని చెప్పింది. పచ్చిపులుసు తెచ్చి తమ్ముడి అన్నం మీద పోసింది.

బీరయ్య ఒక ముద్ద తిన్నాడు. "ఉప్పెక్కువైంది."

ఆమె ముఖం వాడిపోయింది.

"అమ్మ గూడ గిట్లనే ఎక్కువేస్తుండె" అని మళ్ళీ పోయమన్నాడు. మూడుసార్లు పోయించుకున్నాడు. అప్పుడు కదిలింది బంతి. కూర అందరికీ అందింది, నాకు రెండోసారి కూడా పడింది.

తమ్ముడి ఎనిమిది తునకలు మాత్రం ఎవరికీ వెయ్యలేదు. టిఫిన్ డబ్బాలో పెట్టి, "శుక్రారం తిను" అని చేతికిచ్చింది.

బీరయ్య తీసుకోలేదు. "నేను మొయ్య. నువ్వే పట్టుకొని రా. రేపు మా ఇంట్ల నీ చేతితోని ఎయ్యి."

నేను నా ఇంటికి వచ్చేశాను. కాసేపటికి ఉతికిన చీర కట్టుకుని, ఒక చేతిలో డబ్బా, ఒక చేతిలో బీడీల చేటతో నా గడపలోకి వచ్చింది. బయట సాలవ్వ బస్సు పోతుందని కేకలేస్తోంది.

"అవ్వా, ఎల్లారెడ్డి పోతున్న, తమ్మునింటికి. ఆకు తడిపి పెట్టిన, ఎండితే పలుగుతది. రెండు రోజులు నా బీడీలు నువ్వు చెయ్యి. మూతులు మంచిగ ఒత్తు, నీయి వదులుంటయి."