రంజను నీళ్ల పాఠం

మా చర్చిలో పిల్లలు వారానికో బైబిల్ వాక్యం కంఠతా పట్టి, ఆదివారం అందరి ముందూ నిలబడి అప్పజెప్పాలి. బీదర్‌లోని మా తెలుగు కుటుంబాల పిల్లలకు నడక తర్వాత వచ్చే విద్య అదే. నేను జహీరాబాద్ నుంచి కోడలిగా వచ్చిన మనిషిని. మొదట్లో వాళ్ల జ్ఞాపకశక్తికి నోరెళ్లబెట్టాను. బళ్లో ఆ పిల్లలకే సైన్స్ చెప్పాల్సివచ్చాక నెత్తి కొట్టుకున్నాను.

తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల సైన్స్ జవాబులు కూడా అలాగే అప్పజెప్పేది. చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి తీసుకోకుండా. మధ్యలో ఒక్క మాట జారిందా, బండి అక్కడే ఆగిపోయేది. పరీక్షలోనూ అంతే, మొదటి మాట గుర్తురాకపోతే పేజీ మొత్తం ఖాళీ. దానికేమో నర్సు కావాలని ఆశ. సైన్స్ మళ్లీ తప్పేసరికి వాళ్లమ్మ బడికి వచ్చి తేల్చేసింది.

"టీచరమ్మా, దీనికి సైన్స్ ఎక్కుతలేదు. పదోది కాంగనె కుట్టుపనికి పంపిస్త. నర్సు గిర్సు మా నసీబ్ల లేదు."

పిల్ల తల దించుకుని నిలబడింది. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక చేతిలో చాక్‌పీసు విరిచాను.

ఆ ఆదివారం చర్చి వరండాలో అదే పిల్ల చిన్నపిల్లల్ని కూర్చోబెట్టుకుని జలప్రళయం కథ చెప్తోంది. ఒక బుడంకాయ అడ్డం తగిలింది: "అక్కా, మరి చేపలేం జేసినయ్?"

ఏ వాక్యంలోనూ లేని ప్రశ్న. మా పిల్ల కాస్త ఆలోచించి, "చేపలకేంది, పండుగే! టికెట్ లేకుంట ఊరంత తిరిగినయ్" అంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఓసి గడుసుదానా, ఇన్ని మాటలు కడుపులో దాచుకుని బళ్లో చిలకపలుకులు పలుకుతున్నావా!

సోమవారం చాక్‌పీసు దాని చేతికిచ్చాను. "మన వరండల మట్టి రంజను నీళ్లు ఎందుకు సల్లగైతయో చెప్పు. చేపల కథ చెప్పినట్టు చెప్పు. తెలుగైనా సరే, కన్నడమైనా సరే" అని పోయి చివరి బెంచీలో కూర్చున్నాను.

చేతులు కట్టుకుంది. కళ్లు మూసుకుంది.

"కండ్లు తెరువు" అన్నాను.

తెరిచి, వరండాలోని రంజను వైపు చూస్తూ నిలబడింది. నా నోట్లో నువ్వుగింజ నానదు. పాఠం చెప్పడం కన్నా నోరుమూసుకుని కూర్చోవడమే నాకు కష్టం. చివరికి మెల్లగా మొదలుపెట్టింది. మట్టికుండకు చెమట పడుతుంది, గాలి ఆ చెమటను పట్టుకుపోతుంది, పోతూ పోతూ లోపలి వేడినీ తీసుకుపోతుంది. కొంచెం తెలుగు, కొంచెం కన్నడం, అక్కడక్కడా దక్కనీ ఉర్దూ. అందరూ వింటున్నారు.

దాని పక్కన కూర్చునే పిల్ల లేచింది: "మరి వానకాలంల అంత సల్లగ ఎందుకు గావు?"

తరగతి మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూసింది. జవాబు పెదవుల దాకా వచ్చేసింది. బోర్డు దగ్గర్నుంచి అది చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు చెప్పకుండ్రి మిస్. నాకు దొర్కుతాంది."

కిటికీలోంచి బయటికి చూస్తూ, "వానకాలంల బట్టలు గూడ ఆరవు గద..." అని తనలో తనే అనుకుంది. నా నోరు మూయించిన వాళ్ల మీద నాకు అంత ముద్దు ఎప్పుడూ రాలేదు.

తర్వాతి ఆదివారం వాళ్లమ్మ చర్చి గేటు దగ్గర నన్ను ఆపింది.

"ఏం నేర్పిండ్రు టీచరమ్మా? ఇంట్ల చెంబులు, బిందెలు అన్నిటికి తడిగుడ్డలు చుట్టింది. ఒకటి నీడల, ఒకటి ఎండల, ఒకటి ఫ్యాన్ కింద. ముట్టుకుంటె నా మీదికి కొట్లాటకొస్తాంది."

కోపంగా మొదలుపెట్టిన మనిషి నవ్వాపుకోలేకపోయింది.

"కుట్టుపని నేర్పిద్దామంటె ఇంట్ల గుడ్డ ముక్క మిగల్లేదు. ఇగ నర్సే చదువుకోనియ్ తీ."