అవ్వకు మూడో చెయ్యి

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులనుకునేరు, ఏడెనిమిదేళ్లే అయింది. అప్పట్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు (తర్వాత్తర్వాత చాలా వచ్చి చేరింది). తిరుపతిలో ఒక చిన్న యానిమేషన్ స్టూడియోలో రిగ్గింగ్ నేర్చుకుంటున్నాను. అంటే కంప్యూటర్లో గీసిన బొమ్మ లోపల ఎముకలూ కీళ్లూ అమర్చడం. అవి లేకపోతే బొమ్మ కదలదు. నేర్పిన పెద్దాయన నగరి నేతగాళ్ల ఇంటి మనిషి. ఎముకల మేస్త్రీ అనేవాళ్లం. అవ్వ బొమ్మయితే ముందు తానే తువ్వాలు పైటలా వేసుకుని, నడుం వంచి, కుర్చీల మధ్య నడిచేవాడు. "బట్ట యాడ ముడత పడతాదో సూడకుండా ఎముక యాడ పెడతావబ్బా?" అనేవాడు. మేం వెనక నుంచి నవ్వుకునేవాళ్లం. బొమ్మకు వారం పట్టేది.

అలాంటి అవ్వ బొమ్మ సగంలో ఉండగా, కూతుర్ని బడిలో చేర్చడానికి మేస్త్రీ ఊరికెళ్లాడు. ఆ మధ్యాహ్నమే సీరియల్ వాళ్లు బొమ్మ చూడటానికి వస్తున్నామని ఫోన్ చేశారు. ఓనరు తల పట్టుకున్నాడు. ఎముకల్ని తనంతట తానే పెట్టేసే సాఫ్ట్‌వేర్ మా స్టూడియోకి అప్పుడే కొత్తగా వచ్చింది. బటన్ నొక్కాను. పది నిమిషాల్లో అవ్వ సిద్ధం. "మరి ఆయనకు వారం యాల పడతాది?" అన్నాడు ఓనరు. అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. "ఆయనది పాత పద్ధతి సార్, ఇప్పుడీ పని ఎవరైనా చేసేస్తారు" అన్నాను.

వచ్చినవాళ్ల ముందు అవ్వ చేత నమస్కారం పెట్టించాను. రెండు చేతులూ పద్ధతిగా కలిశాయి. వాటితోపాటు పైట కొంగు కూడా మధ్యలో మడుచుకుని, పైకి లేచి, నమస్కారం పెట్టింది. (ఆ సాఫ్ట్‌వేరుకు చీర ఎవరు చూపించారు గనుక! వేలాడేది కూడా చెయ్యే అనుకుని దానికీ మోచేయి పెట్టేసింది.) "మీ అవ్వకు చేతులు ఎక్కువైనట్టుండాయే!" అని వాళ్లు పగలబడి నవ్వారు. మర్నాడు మేస్త్రీ వచ్చి, నన్ను పల్లెత్తు మాట అనకుండా, అంతా సరిచేసి పెట్టాడు.

ఓనరు మాత్రం ఆ నవ్వుల్ని మరిచిపోయి నా మాటను గుర్తుపెట్టుకున్నాడు. నెల తిరక్కుండానే మేస్త్రీని రావద్దన్నాడు. సంచి సర్దుకుంటూ ఆయన నా భుజం తట్టి, "నా కుర్చీ నీకియ్యమని సార్‌కు నేనే చెప్పినాను. బాగా చేస్తావబ్బా నువ్వు" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆ కుర్చీలో కూర్చున్నాను.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చీర కట్టు కూడా నేర్చేసుకుంది. బటన్ నొక్కడానికి నేనొక్కణ్ణే మిగిలాను. ఆ రోజు ఓనరుతో నేనన్న మాట ఈసారైనా చెప్పేయాలని అప్పుడప్పుడూ నగరికి ఫోన్ చేస్తాను. "పని బాగుండాదా అబ్బా?" అని ఆయనే ముందు అడుగుతాడు. "ఉండాదన్నా" అంటాను. ఇక ఎండల గురించి మాట్లాడుకుంటాం. పెట్టేసే ముందు, "అందరూ మరిచిపోయినారు, నువ్వొక్కడివే తలుచుకుంటావు" అంటాడు. నేను ఫోన్ పెట్టేసి, ఆయన కుర్చీలోనే కూర్చుని మళ్లీ బటన్ నొక్కుతాను.