వేడి చేసిందనుకుని బెజవాడకు

ఉయ్యూరులో ఉదయం ఆరు పదికి బెజవాడ బస్సు ఎక్కాం, నేనూ మా సరస్వతక్కా. ఆ వేళకు సీట్లు ఖాళీగా ఉంటాయి. రక్త కేన్సరుకు ఎముక మజ్జ మార్పిడి చేయించుకుని మూడు నెలలే అయింది కాబట్టి నాకు రద్దీ పనికిరాదు. మజ్జ ఇచ్చింది అక్కే. తోబుట్టువులం ముగ్గురం; జన్యు పరీక్షలో నాతో సరిపోయింది ఆవిడ ఒక్కతే.

సోమవారం నా అరచేతులు ఎర్రబడ్డాయి. "వేడి చేసిందిరా," అని తేల్చేసి అక్క మూడు రోజులు బార్లీ నీళ్లు పట్టించింది. హైస్కూల్లో సైన్సు చెప్పే నేను కూడా బుద్ధిగా తాగాను. నాలుగో రోజు దద్దురు ఛాతీకి పాకింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నారు. అక్క మజ్జ నాకు పడలేదేమోనని భయం పట్టుకుంది.

చెరకు ట్రాక్టర్ల వెనక నత్తనడకన కంకిపాడు చేరాం. అక్కడ ఎక్కిన పెద్దావిడ నా చేతులు చూసి, "వేడి బాబూ! సబ్జా గింజలు నానబెట్టి తాగండి, రేపటికల్లా తగ్గిపోద్ది," అంది.

"తెచ్చానండీ!" అంటూ అక్క సంచిలోంచి సీసా తీసి చూపించింది.

ఏడుంబావుకి బెంజి సర్కిల్లో దిగి, ఆటోలో గవర్నర్‌పేట వెళ్లాం. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీలు నేను తిన్నాను, అక్క ముట్టలేదు.

పదింటికి డాక్టరమ్మగారు పిలిచారు. "ఇది వేడి కాదండీ. మీ అక్కగారి కణాలకు మీ ఒళ్లు ఇంకా కొత్త. అందుకే చర్మం మీద దాడి చేస్తున్నాయి."

అక్క ముఖం పాలిపోయింది. "అంటే, నా వల్లేనాండీ?"

"ఈయన రక్తమంతా ఇప్పుడు మీదేనమ్మా. బతికున్నదీ మీ వల్లే. ఇది మందులతో అదుపులోకొస్తుంది. ఈ కాస్త గొడవలో, మిగిలిన కేన్సరు కణాలు ఏవైనా ఉంటే అవీ మీ కణాలకు దొరికి చచ్చిపోవచ్చు. మూడు రోజులు ఆగడం మాత్రం తప్పు. మీ చేతిలో ఉన్న ఆ సబ్జా నీళ్లు కూడా వద్దు."

నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పుడు బయటి నుంచి గిల్లేదానివి, ఇప్పుడు లోపలి నుంచి మొదలుపెట్టావా అన్నాను. అక్క నవ్వలేదు.

మందులు తీసుకుని పన్నెండున్నర బస్సు ఎక్కాం. మజ్జ మార్పిడి చేయించుకుని ఈ దారిన వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఒంటి మీద ఏం కనపడినా ఆ రోజే ఫోన్ చెయ్యండి. ఇంట్లో అందరూ డాక్టర్లే, కాదనను.

పెనమలూరు దాటాక అక్క సబ్జా సీసా మూత తీసింది. నేను వారించబోయాను.

"నీక్కాదులేరా. పొద్దుట్నుంచీ నాకే వేడి చేసింది," అంటూ గడగడా మొత్తం తాగేసింది. పమిటతో మూతి తుడుచుకుంటూ కళ్లు కూడా తుడుచుకుంది. తర్వాత నా చెయ్యి తీసుకుని, ఎర్రటి అరచెయ్యి తగలకుండా, మణికట్టు దగ్గర మెల్లగా గిల్లింది.